బుడగల గురువుగారు

బుడగల గురువుగారికి ఒకటే జబ్బు. అబద్ధం రాయడానికి ఆయనకి చెయ్యి వచ్చేది కాదు. మామూలు మనిషిలో అయితే అది సుగుణం. కానీ ఆయన ఉద్యోగం బొమ్మల కథల పత్రికలో, పాత్రల నోటి పక్కన బుడగల్లో మాటలు రాయడం. ఆ సుగుణం నా ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ కథలు రాసేదాన్ని నేనే. నాయకుడు వజ్రబాహువు. పాఠకులు మాత్రం ప్రాణం పెట్టుకున్నది టక్కరి దేవుడి మీద. ముల్లోకాల్నీ మోసగించి, పన్నెండో సంచికలో బుద్ధి తెచ్చుకుని, వజ్రబాహువు పక్షాన చేరినవాడు. బుద్ధి వచ్చినా, రాక్షసుల దగ్గర నాలుగు అబద్ధాలాడకపోతే కథ నడవదు కదా. "వజ్రబాహువు ఎక్కడ?" అని రాక్షసుడు అడిగితే, "నాకేం తెలుసు?" అని రాసిచ్చాను. అచ్చులో చూస్తే, "తలుపు వెనకాల ఉన్నాడు. చెప్పకూడదు" అని ఉంది.

"ఇదేంటండీ గురువుగారూ?"

"మారాడన్నావుగా అమ్మా. మారినవాడు అబద్ధం ఎలా ఆడతాడు?"

"మరి కథ ఏమైపోవాలి?"

"నువ్వున్నావుగా, చూసుకుంటావు."

ఆరేళ్ళు చూసుకున్నాను. ఆయన తలుపు వెనక పట్టించిన వజ్రబాహువుని మరుసటి నెల కిటికీలోంచి దూకించేదాన్ని. కథ అల్లడం నాకు ఆ కిటికీల దగ్గరే వచ్చింది. ఆ గదిలో నల్లసిరా వాసన, ఆయన కలం గీసే చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఇంతలో అమ్మకాలు పడిపోయాయి. "కుక్కతోక వంకర. తొంభయ్యో సంచికలో వాడు మళ్ళీ దొంగవ్వాలి" అన్నారు యజమాని. వజ్రబాహువు కిరీటం ఎత్తుకుని పారిపోతున్న దేవుడి బొమ్మ పేజీ నిండా వేయించారు. బుడగలోకి "మోసపోయావురా మూర్ఖుడా" అని రాసిచ్చాను.

అచ్చులో వచ్చింది, "మెరుగు పెట్టించి సాయంత్రానికి తెచ్చిస్తాను."

యజమాని ఒంటికాలి మీద లేచారు. రేపట్నుంచి రావద్దని గురువుగారితో నన్నే చెప్పమన్నారు. కోపంగానే వెళ్ళాను. గురువుగారు సొరుగు తీసి, ఆరేళ్ళ నాటి ఉత్తరం ఒకటి నా చేతిలో పెట్టారు.

"అయ్యా, నేను ఒకప్పుడు ఇళ్ళ తాళాలు పగలగొట్టేవాణ్ణి. ఇప్పుడు బాగుచేస్తున్నాను. వీధిలో ఎవరూ నమ్మరు. మా అమ్మాయి మాత్రం మీ దేవుణ్ణి చూపించి, ఈయన మారలేదా, మా నాన్న కూడా అంతే అంటుంది. ఆయన్ని చెడగొట్టకండి."

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"చెబితే జాలిపడి రాస్తావు. జాలిపడి రాస్తే కథ చప్పబడుతుంది."

ఉత్తరం యజమానికి చూపించాను. ఆయన చదివి, కళ్ళజోడు చాలాసేపు తుడుచుకుని, "ఆ మెరుగేదో ఎక్కడ పెట్టించాడో రాయి మరి" అన్నారు. తాళాల కొట్లో పెట్టించాను.

గురువుగారు ఉద్యోగం విరమించిన రోజున సొరుగు తాళంచెవి కనిపించలేదు. ఆయనే కబురు పెడితే తాళాల మనిషి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చిన్న తీగతో చిటికెలో తీసేశాడు.

"ఇంత సులువుగా తీయడం ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నాడు కొత్తగా చేరిన చిత్రకారుడు. ఆ మనిషి తల దించుకున్నాడు.

"నేనే నేర్పించాను" అన్నారు గురువుగారు, తొణక్కుండా.

నేను నోరు వెళ్ళబెట్టి చూశాను. ఆయన నా వైపు వంగి మెల్లగా అన్నారు, "రాయలేదుగా అమ్మా. అన్నానంతే."