గడ్డ తీసిన మర్నాడు

మా మేనత్త పోయిన కబురు మామ ఫోన్‌లో చెప్పాడు. "మీ అత్త ఇగ లేదు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏడుపు ఆగలేదు. నెల కావస్తోంది. భూపాలపల్లి బస్సు కనిపిస్తే ఇంకా నా కళ్లు ఆమె కోసం వెతుకుతూనే ఉన్నాయి.

అత్త బస్సు కండక్టరు. మామ బొగ్గు బాయిలో పనిచేస్తాడు. ఇంటర్ చదివిన రెండేళ్లూ నేను వాళ్ల క్వార్టర్‌లోనే ఉన్నాను. పిల్లలు లేని ఆ ఇంట్లో గారాబమంతా నాదే. డ్యూటీ దిగి వచ్చాక కాళ్లు కడుక్కుని టీ తాగేదాకా ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. "పొద్దంతా ఒర్రిన గొంతు, జర ఆగనియ్యి" అనేది. టీ అయ్యాక మాత్రం ఆ రోజు బస్సెక్కినవాళ్ల ముచ్చట్లన్నీ చెప్పేది.

ఒకసారి ఆమె బస్సులోనే వస్తున్నాను. ముసలామె నిలబడి ఉంటే, సీట్లో కూర్చున్న యువకుడి భుజం తట్టింది అత్త. "లే నాయినా, అవ్వ నిలవడ్డది. నీ కాళ్లు గట్టిగనే ఉన్నయి గదా!" అతను నవ్వుతూ లేచాడు.

హైదరాబాద్‌లో చదువుకు చేరిన కొత్తలో నా యాసకు నవ్వుతున్నారని ఏడిస్తే, "నువ్వు చెప్పేది వాళ్లకు సమజైతున్నదా? ఐతే సాలు. పరేషాన్ ఎందుకు?" అంది. ఇప్పటికీ నలుగురిలో మాట్లాడాల్సి వస్తే ఆ మాటే తలచుకుంటాను.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆమెకూ సోకింది. వేరే గదిలో పడుకుంది. ఒక ఉదయం మామ గుమ్మం దగ్గర టీ పెట్టి పిలిస్తే పలకలేదు. లోపలికి వెళ్లి చూస్తే నోరు ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. వెంటనే అంబులెన్సులో వరంగల్ తీసుకెళ్లాడు. నేను ఇప్పుడు ఉంటున్న జనగామ నుంచి చేరేసరికి స్కానింగ్ అయిపోయింది. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందన్నారు. ఆ వైరస్ రక్తాన్ని అలా గడ్డకట్టిస్తుందట.

ఒంటినిండా కిట్ వేసుకున్న డాక్టర్ మా దగ్గరికి వచ్చాడు. "తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి గడ్డను లాగేస్తాం. చెయ్యి, మాట తిరిగి రావచ్చు. కానీ ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. గడ్డ తీసినా బతుకుతుందని మాత్రం చెప్పలేను."

"అది ఒకరు తినవెడితే తినే మనిషి గాదు సారు" అన్నాడు మామ. "తియ్యుండ్రి."

గడ్డ బయటికి వచ్చేసింది. మర్నాడు నర్సు వీడియో కాల్ చేసి చూపించింది. మాస్కులోంచి అత్త మాట ముద్దముద్దగా వచ్చింది. "నువ్వు... తిన్నవా?" అని మామను అడిగింది. "తిన్న, తిన్న" అన్నాడు మామ. నిజానికి తినలేదు. ఇంటికి తీసుకెళ్లాక ఏ గదిలో పడుకోబెట్టాలో కూడా ఆ సాయంత్రం అనుకున్నాం. ఆ రాత్రి ఆమెకు ఊపిరి అందలేదు. వెంటిలేటర్ పెట్టారు. మళ్లీ కళ్లు తెరవలేదు. నేను జనగామ తిరిగి వెళ్లాక మామ ఫోన్ వచ్చింది.

"గడ్డ తీపిచ్చి దాన్ని ఇంకింత గోస పెట్టిన్నా?" అని మామ ఇప్పటికీ అడుగుతుంటాడు. "ఆ ఒక్క దినమన్న మనకు దొరికింది గద మామా" అంటాను. ఆ రోజు మాట్లాడటం అయిపోయినా నర్సు ఫోన్ ఆపలేదు. మాస్కు పట్టీ కింద చిక్కుకున్న జుట్టును అత్త బయటికి తీసుకుంది. కుడిచేతిని మెల్లగా తల వెనక్కి పోనిచ్చి, రెండు చేతులతో ముడి వేసుకుంది.