సేఠ్ మేడలో పోచవ్వ శోకం

బాన్సువాడలో మా వీధిలో ఎవరు పోయినా ముందు పోచవ్వకే కబురు. శవం పక్కన కూర్చుని, ఆ మనిషి బతుకంతా తలుచుకుంటూ ఆమె రాగం తీసిందంటే అప్పులవాళ్లు కూడా కళ్లొత్తుకోవాల్సిందే. "నువ్వు ఏడిస్తే పీనుగు లేచి కూర్చుంటుంది పోచవ్వా" అని మావారు ఆటపట్టించేవారు. మా పొలంలో నాట్లు వేసేటప్పుడు మాత్రం ఆమె అంత నవ్వే మనిషి ఇంకొకరు లేరు.

ఆమెకు తీరని కొరత ఒక్కటే. వయసులో ఉన్నప్పుడు చందూలాల్ సేఠ్ మేడలో ఊడ్చేది. చెరకు మిల్లు పెట్టి లక్షలు గడించిన ఆ సేఠ్, భార్య జమునాబాయిని గడప దాటనిచ్చేవాడు కాడు. ఆవిడ పోచవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, "నేను పోతే నాకోసం ఏమని ఏడుస్తావు?" అని అడిగేదట. "నీ ముచ్చట్లన్నీ జెప్పి ఏడుస్త" అని పోచవ్వ మాటిచ్చింది. తీరా జమునాబాయి హైదరాబాదులో పోయింది, అక్కడే దహనం చేసేశారు. పోచవ్వకు నెల తర్వాత గానీ తెలియలేదు. "నేను మాట తప్పితిని రాధమ్మా" అని నా దగ్గర ఏళ్ల తరబడి కుమిలింది.

2004లో ఆ మేడను మ్యూజియం చేశారు. పోచవ్వ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. లోపల అన్నీ చూపించే ఉద్యోగి శివరాం టేకు తలుపులు, బెల్జియం అద్దాలు, సేఠ్ కొట్టిన పులి గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. జమునాబాయి గదికి వచ్చేసరికి, "ఇది అమ్మగారి మంచం. ఇగ మీదికి పోదాం రాండి" అన్నాడు. అంతే! బతుకంతా ఆ ఇంట్లోనే మగ్గిన మనిషికి దక్కింది అదేనా? నాకు ఒళ్లు మండింది.

పోచవ్వ కదల్లేదు. మంచం ముందు కట్టిన తాడు దగ్గర చతికిలబడింది. మరుక్షణం మేడంతా మారుమోగింది.

"పట్టు పరుపుల మీద పంటివి గని పక్క ఊరు సూడకపోతివి నా తల్లీ! అంగడి సూద్దమంటివి, కిటికీల నుంచే సూస్తివి తల్లీ! నేనూడ్సిన ఇంటికి సుట్టమై వస్తిని, కూసో అననీకి నువ్వు లేకపోతివి తల్లీ!"

శివరాం పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, గిదేంది! పెద్దసార్లు నన్ను తిడ్తరు."

పోచవ్వ వినలేదు. జనం మూగారు. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత సంగతి అర్థమైంది. చావింట ఏడ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లు ఆపరు. ఆ ఇంటివాళ్లెవరో వచ్చి, భుజం పట్టుకుని "ఊకో" అనాలి. అప్పుడే ఆ ఏడుపు పోయినవాళ్లకు చేరినట్టు. పోచవ్వ రాగం తీస్తూనే మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. సేఠ్ వారసులు ఒక్కరూ ఈ ఊళ్లో లేరు. పిచ్చిది, ఎవరొస్తారని?

ఆమె గొంతు జీరపోయింది. ఇక నేనే లేపుదామని వంగబోయాను. అంతలో శివరాం టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊకో అవ్వా" అన్నాడు. "అమ్మ ఇన్నది. ఇగ ఊకో."

పోచవ్వ ఠక్కున ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని, అతని చెయ్యి పట్టుకుని లేచింది.