పాత కంప్యూటర్లో నిప్పు

హిందీ మాట్లాడే ఆదిత్యపూర్‌లో మేం పనిచేసే షెడ్డుకి విశ్వకర్మ పూజనాడు పెళ్ళాంపిల్లల్ని తీసుకొస్తాం. ఆ రోజు మెషిన్లేవీ నడవవు. దండలు వేసుకుని కూర్చుంటాయి. రేకులు కోసే మెషిన్ తాలూకు పాత కంప్యూటర్ ఒక్కటే వెలుగుతుంది. అది ఆ మెషిన్ నడిపే మా గౌరీశంకర్ చలవ.

కుర్రతనంలో అతను దానికోసం ఒక నిప్పు రాశాడు. పాటా లేదు, కథా లేదు. నల్లటి తెర అడుగున మంట పుట్టి, పైకెగసి, ఆరిపోతూ ఉంటుంది, అంతే. దాన్ని చూస్తూ ప్రసాదం తినడం మరిచిపోయేవాళ్ళం. మెషిన్‌లో సొంత సరుకు పెట్టడానికి యజమాని ఒప్పుకోడు గనక ఆ ప్రోగ్రాం ఫ్లాపీలోనే ఉండేది. మరో కాపీ లేదు.

ఈ ఏడు పూజ మర్నాడే ఆ కంప్యూటర్ తుక్కులోకి పోతుందన్నారు. అతని కూతురు రోహిణి పట్టుబట్టి అలాంటి నిప్పునే తన లాప్‌టాప్‌లో అతనిచేత రాయించింది. నిజం చెప్పొద్దూ, ఇంకా నున్నగా మండింది.

"పాపా, వహీ తో హై," అంది రోహిణి, అదే కదా అన్నట్టు.

"అదే గానమ్మా, ఇక్కడ ప్రతి సుక్కకీ విండోస్‌ని అడగాల. అది ఒప్పుకుంటేనే తెరమీదకొత్తాది. అక్కడైతే మద్దిలో ఎవులూ లేరు. నా సెయ్యే తెరకి తగిలీది."

చాదస్తమని వేళాకోళం చేశాను. కానీ ఆఖరిసారి పాతదాని మీదే ఆ మంట చూడాలని అతనెంత తపించిపోతున్నాడో నాకు తెలుసు.

పూజనాడు ఫ్లాపీ పెట్టాడు. గరగరమంది గానీ చదవలేదు. బయటికి తీసి రేకుమూత జరిపితే లోపలి నల్లబిళ్ళ మీద పసుపూ కుంకుమా.

అతని భార్య నూకాలమ్మ బిక్కచచ్చిపోయింది. "స్పానర్లకీ సుత్తులకీ ఎట్టినట్టే దీనికీ బొట్టెట్టినానండీ. పైనెడితే రాలిపోతాదని మూత జరిపి లోపలెట్టినాను."

మన తెలుగువాళ్ళు తప్ప ఇంకెవరు చేస్తారు ఈ పని! నాకు ఒళ్ళు మండింది. గౌరీశంకర్ మాత్రం ఫ్లాపీని పక్కన పెట్టాడు. కీబోర్డు ముందేసుకుని, తెరకి తిన్నగా చెప్పే ఆజ్ఞలు గుర్తున్నంత మేర కొట్టాడు. మంటకి కావలసిన ఆ పాత ఆజ్ఞలన్నీ గుర్తు రాలేదు. చివరికి నల్లటి తెర నడుమ ఒకే ఒక్క ఎర్ర చుక్క వెలిగింది. ఎవర్నీ అడక్కుండా వెలిగింది.

అతని కళ్ళు నిండాయి. నూకాలమ్మ దగ్గరికొచ్చి భయంభయంగా చూసింది.

"మీరూ దానికి బొట్టెట్టీసినారా?"

అతను తలూపాడు. సాయంత్రం షెడ్డు మూసేదాకా దాన్ని ఎవర్నీ ఆపనివ్వలేదు.