రుద్రమ్మ బోర్లించిన చెంబు

గోల్కొండ కోటకు రాళ్ళెత్తినవాళ్ళెవరో, హుస్సేన్‌సాగర్‌కు కట్ట వేయించినదెవరో పూస గుచ్చినట్టు రాసిపెట్టిన చరిత్రకారులు, పాలు పిండేముందు చెంబు బోర్లించి చూపే ఆచారం హైదరాబాదులో ఎవరి ఏలుబడిలో మొదలైందో మాత్రం రాయకుండా వదిలేశారు. ఇది చిన్న లోపం కాదు. రాజ్యాలు సంధిపత్రాల మీద నిలబడితే, మధురానగర్‌లో పొద్దుటి కాఫీ ఆ చెంబు మీద నిలబడింది.

ఆ చెంబు రుద్రమ్మది. ఇత్తడిది, అంచు కాస్త సొట్టపోయింది. పంజగుట్ట వెనక సందులో, ఒక లేడీస్ హాస్టలుకీ జిరాక్సు షాపుకీ నడుమ మిగిలిన కొట్టంలోంచి ఆమె తన నల్లావు తుమ్మెదను విప్పుకుని, చీకటి ఇంకా పలచబడకముందే బయల్దేరేది. అమీర్‌పేట మీదుగా మధురానగర్ చేరి, మొదటి గేటు ముందు ఆగి, చెంబును పైకెత్తి, తలకిందులు చేసి, లోపల నీళ్ళచుక్క లేదని రెండుసార్లు విదిలించేది. ఇంటామె వంగి చూసి తల ఊపేది. అప్పుడు గానీ రుద్రమ్మ పొదుగు కింద కూచునేది కాదు. గిన్నె నిండాక లేచి, పక్క గేటు. మళ్ళీ చెంబు, మళ్ళీ విదిలింపు, మళ్ళీ తల ఊపు.

"మంత్రులు ప్రమాణం చేసినట్టు చేస్తవేందే?" అనేవాడు మొగుడు కనకయ్య. అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా ఉండి నానారకాల పెద్దమనుషుల్ని చూసినవాడు. "వాళ్ళన్న ఒక్కపారే చేస్తరు."

"అందుకే వాళ్ళను ఎవ్వలు నమ్మరు" అనేది రుద్రమ్మ.

ఈ రాజ్యాంగాన్ని రచించినది రత్నమాలగారు. తెనాలి నుంచి వచ్చి మధురానగర్‌లో ఇల్లు కట్టుకున్న ఇల్లాలు. అంతకుముందు ఆ వీధికి క్యాన్లో పాలు తెచ్చే ఒకాయన ఉండేవాడు. ఒకనాడు ఆ పాలలో పచ్చటి నాచుపోగు తేలింది. రత్నమాలగారు గేటు దగ్గర నిలబడి వీధంతా వినేట్టు ప్రకటించారు: "ఇకమీదట నా కళ్ళెదుట పితికితేనే పాలు. లేకపోతే ఉత్త డికాషన్ తాగి బతుకుతాం!" ఆ మర్నాడే రుద్రమ్మ ఆవుతో సహా వచ్చి నిలబడింది. ఆ మాట ఆమె చెవిలో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది.

అవి అమీర్‌పేట కంప్యూటర్ కోర్సులతో కిటకిటలాడుతున్న రోజులు. జావా నేర్చుకుందామని జిల్లాల నుంచి దిగిన పిల్లలు సందులు చాలక ఒకరినొకరు తోసుకుంటూ నడిచేవాళ్ళు. ఈ విద్యావ్యాప్తిలో తుమ్మెద కూడా వెనకబడలేదు. గోడలకంటించిన కోర్సుల కరపత్రాలు గంజి వాసనకు కొన్ని తీరిగ్గా నమిలి జీర్ణించుకుంది. ఊరు వెలుగుతోంది. మట్టి సందులన్నీ సిమెంటు రోడ్లయ్యాయి. కనకయ్యకు సైతం నాగరికత సోకి, కొట్టంలో నున్నటి సిమెంటు గచ్చు వేయించాడు.

"మన ఇంట్ల లేని గచ్చు దీనికొచ్చింది" అని రుద్రమ్మ మురిసిపోయి, పొద్దూ మాపూ కడిగింది.

ఆ సంవత్సరం ఎండలు దిగేవేళకు తుమ్మెద వెనక కాలు సరిగ్గా మోపడం మానేసింది.

దాన్ని ముందుగా పట్టుకున్నది రత్నమాలగారే. "ఏంటి రుద్రమ్మా, ఆవు మెడలో గంట చప్పుడు తేడాగా ఉందివాళ? నడక తడబడుతోందా ఏంటి?"

"రాయి తగిలిందమ్మ. రెండొద్దుల్ల మంచిగైతది."

కాలేదు. పశువుల డాక్టరు హైమవతి కొట్టానికి వచ్చి, కాలు మడిచి పట్టుకుని గిట్టను కత్తితో శుభ్రం చేసింది. అడుగంతా కాగితంలా అరిగిపోయి, బయటి గిట్టలో ఒకచోట చీము గూడు కట్టింది. కట్టు కట్టి, చేతులు కడుక్కుంటూ అంది: "సిమెంటు రోడ్డు మీద నడక, ఇంటికొస్తే సిమెంటు మీద పడక. గిట్ట ఏమవుతుంది రుద్రమ్మా? ఈ గచ్చు తీసేసి మట్టి పరవండి. ఆవును రోడ్డెక్కించొద్దు. పాలు ఇక్కడే పిండుకో."

"ఈడ పిండితే ఎట్ల డాక్టరమ్మా? గేటు కాడ పిండాలె."

"అదింకా తప్పు. ఆవు ఒక్కసారే చేపుకొస్తుంది, పాలు సన్నుల్లోకి దిగుతాయి. ఆ కాసేపట్లోనే పొదుగు ఖాళీ చెయ్యాలి. నువ్వు గేటుకింత పిండి ఆపుతుంటే మిగిలింది లోపలే ఉండిపోతుంది. ఇంకోటి విను. పిండాక సన్నుల చివర రంధ్రాలు కొంతసేపు తెరుచుకునే ఉంటాయి. అంతవరకు ఆవు నిలబడే ఉండాలి, ముందర మేత వెయ్యి. కాలు నొప్పికి ఇది వెంటనే పడుకుందనుకో, కింది మురికంతా పొదుగులోకే. కాలుతో మొదలైంది పొదుగుతో ఆగుతుంది."

రుద్రమ్మ మొండిమనిషే గానీ మూర్ఖురాలు కాదు. ఆ సాయంత్రమే కనకయ్య చేత గడ్డపార పట్టించి ముద్దుల గచ్చును పగలగొట్టించింది. మట్టి పరిచి, పైన వరిగడ్డి వేసింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ చేసింది, ఒక్కటి తప్ప.

"అడుగరాదే ఒక్కపారి" అన్నాడు కనకయ్య. "అమ్మా, ఆవుకు కాలు బాగలేదు, ఇంటికాడ పిండి తెస్త అని చెప్పు. నోరు అరుగుతదా?"

"అడిగితే ఏమనుకుంటరు? గిన్నొద్దులు చెంబు చూపెట్టి, ఇప్పుడు నీళ్ళు కలుపతందుకు కాలు సాకు పెడుతుందంటరు. అనకపోయినా, మనసుల అనుకుంటరు."

"అనుకోనీ!"

"నీకేం, గేటు కాడ కూసుంటవు. నమ్మకం పోతే గేటు తెరుస్తరా నాకు?"

అయినా అడుగుదామనే మర్నాడు బయల్దేరింది. దారంతా మాట కూర్చుకుంది. గేటు ముందు తుమ్మెదను ఆపి, "అమ్మా..." అని మొదలుపెట్టింది కూడా. ఈలోపు రత్నమాలగారు నడుం మీద చెయ్యి వేసుకుని, న్యాయమూర్తి తీర్పు చదవబోతున్నంత గంభీరంగా చెంబు మీదికి వంగారు. ఆ వంగడం చూసేసరికి రుద్రమ్మ నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. చెంబు రెండుసార్లు విదిలించింది. ఆమె తల ఊపారు. పాలు పిండింది.

అడగడం మరునాటికి వాయిదా పడింది. ఆ మరునాడు మళ్ళీ మరునాటికి.

తుమ్మెద అలాగే నడిచింది. కట్టు కట్టిన కాలు ఎత్తెత్తి వేస్తూ, ప్రతి గేటు దగ్గరా తనంతట తనే ఆగుతూ. దూడ దగ్గర లేకపోయినా రుద్రమ్మ చెయ్యి తగిలితే చాలు, చేపుకొచ్చేది. మంచి ఆవు. అంత మంచిది కాకపోయి, ఒకనాడు కాలు విదిలించి చెంబు తన్నేసి ఉంటే బతికిపోయేదేమో.

వాన వెలిసిన ఒక పొద్దున, అన్ని గేట్లూ ముగించుకుని తిరిగొస్తూ, అమీర్‌పేటలో కోర్సుల బోర్డుల కింద తుమ్మెద పడుకుండిపోయింది. డ్రైనేజీ పొంగిన నీళ్ళలో, పొదుగు మునిగేట్టు. రుద్రమ్మ పలుపు లాగింది, బతిమాలింది, భుజం ఆనించి నెట్టింది. నోట్సులు చంకన పెట్టుకున్న పిల్లలు ప్యాంట్లు ఎత్తిపట్టుకుని చుట్టూ తిరిగి క్లాసులకు పోయారు. ఎంతకో అది తనంతట తనే లేచింది.

తెల్లారేసరికి పొదుగు రాయి. ఒళ్ళు కాలిపోతోంది. గడ్డి ముట్టలేదు. హైమవతి వచ్చి సూదులు వేసింది, సన్నుల్లోకి మందు ఎక్కించింది. మధ్యాహ్నానికి పొదుగు ఒక పక్క చల్లబడి నీలం తిరిగింది.

"పిండి చూడు" అంది డాక్టరు, మొహం పక్కకి తిప్పుకుని.

రుద్రమ్మ అలవాటుగా చెంబు అందుకుంది. అలవాటుగానే బోర్లించింది, ఎవరూ చూడకపోయినా. చెయ్యి తగలగానే తుమ్మెద తల తిప్పి చూసి, పడుకునే చేపడానికి ప్రయత్నించింది. వచ్చినవి పాలు కావు. ఎర్రటి పలచటి నీళ్ళు. ఇన్నేళ్ళలో ఆ చెంబులో నీళ్ళు పడడం అదే మొదలు.

"ఇగ చాలు తల్లీ" అంది రుద్రమ్మ. "ఇగ చేపకు. ఇగ ఎవ్వలకొద్దు."

పొద్దు వాలకముందే తుమ్మెద పోయింది. కనకయ్య వరిగడ్డి తెచ్చి దాని మీద కప్పాడు. 'అడుగుమన్న గదే' అని తిట్టి ఉన్నా బాగుండేదని రుద్రమ్మకు అనిపించింది. మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చినప్పుడు ఆమె గంట విప్పి కొంగున ముడేసుకుంది.

మర్నాడు ఇక పాలు లేవని చెప్పడానికి గేటు గేటుకూ తిరిగింది. రత్నమాలగారు లోపలికి పిలిచి, కూచోబెట్టి, కాఫీ ఇచ్చారు. ప్యాకెట్ పాల కాఫీ. రుద్రమ్మ కాలు సంగతి, పొదుగు సంగతి, డాక్టరమ్మ చెప్పిన సంగతి అన్నీ చెప్పింది.

"అయ్యో రామా! ఇంటిదగ్గరే పితికి తెస్తానని నాతో ఒక్క మాట అనకపోయావా?"

"నమ్మరనుకున్నమ్మా."

"నిన్నా? ఎప్పుడో ఆ నాచు పాలవాడి మీద కోపంతో ఏదో అన్నాను. అది పట్టుకుని కూచున్నావా ఇన్నాళ్ళూ?"

"మరి దినాం వంగి వంగి చూస్తుంటిరి గదమ్మా, చెంబును?"

రత్నమాలగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వంత శ్రద్ధగా చూపించేదానివి. చూడకపోతే చిన్నబుచ్చుకుంటావని వంగేదాన్ని, అంతే."

చెంబు మీదికి వంగే ఆ వేళప్పుడు ఆవిడ కళ్ళజోడు రోజూ లోపల టీవీ మీదే ఉండేది.