మా నాన్న నిలబడ్డ ఎడమ అంచు

మా నాన్న ఒక సినిమాలో ఉన్నారు. ఉన్నానని ఆయన అంటారు. ఈ రెండు వాక్యాల మధ్య దూరం దాటడానికి మా ఇంట్లో నలభై ఏళ్లు పట్టింది.

సినిమా పేరు చెప్పను. చెబితే మీరు వెతికి చూస్తారు, దొరికిన ప్రింటు చూసి నన్ను తిట్టుకుంటారు. ఆకాశంలోంచి పళ్లెం లాంటి విమానం దిగుతుంది. అందులోంచి నెత్తిన రెండు కొమ్ములున్న ఆకుపచ్చ మనిషి వచ్చి తెలుగులోనే, అదీ కాస్త గ్రాంథికంలో, మాట్లాడతాడు. మా ఇంటిల్లిపాదికీ ఆ సినిమా అంటే ప్రాణం. జ్వరమొచ్చినప్పుడు మా చెల్లెలు ఆ ఆకుపచ్చాయన డైలాగులు చెబితేగాని మందు మింగేది కాదు.

ఆ పళ్లెం దిగింది గన్నవరం విమానాశ్రయంలో. అప్పట్లో అక్కడ విమానాలకన్నా గేదెల రాకపోకలు ఎక్కువ కాబట్టి షూటింగుకి ఎవరూ అడ్డు చెప్పలేదట. నాన్న అప్పుడు రోజూ మైలవరం నుంచి బెజవాడ వచ్చి డిగ్రీ చదువుతున్నారు. సీనుకి జనం కావాలని సినిమావాళ్లు కాలేజీ గేటు దగ్గర లారీ ఆపితే ఎక్కేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఖాళీ ఆకాశాన్ని చూసి భయపడటం పని, పులిహోర పొట్లం జీతం.

"నేను ఎడమ అంచున నిలబడ్డా. నా తర్వాత ఇంకెవరూ లేరు" అంటారు నాన్న, అదేదో పదవి అయినట్టు.

అమ్మ లెక్క వేరు. "పెళ్లిచూపుల్లో మీ నాన్న నాతో అన్న మాటలు రెండే రెండు. ఒకటి, సినిమాలో ఉన్నానని. రెండోది, కాఫీ చల్లారిందని. రెండోది నిజం."

పెళ్లయ్యాక అమ్మని ఆ సినిమాకే తీసుకెళ్లారు. అది పాత హాలు, తెర ఇరుకు. బొమ్మ రెండు చివర్లూ పక్కనున్న నల్ల పరదా మీద పడి మాయమయ్యాయి. అప్పట్నుంచి ఇంటికెవరైనా వస్తే అమ్మ, "ఈయన సినిమాలో చేశారండీ, పరదా మీద" అని పరిచయం చేసేది. నాన్న నవ్వేవారు. కానీ మా నాన్న కామర్స్ లెక్చరర్. జీవితంలో ఎవరికీ ఒక్క మార్కు ఎక్కువ వేసిన మనిషి కాదు. తన గురించి చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప ఇలా తేలకుండా ఉండిపోవడం ఆయన్ని లోపల గుచ్చేదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

మొదట వీడియో క్యాసెట్ వచ్చింది. గవర్నర్‌పేటలో అద్దెకు తెచ్చాం. సినిమా వెడల్పు, టీవీ చదరం. కంపెనీవాళ్లు రెండు పక్కలా కోసేసి మధ్య ముక్క ఉంచారు. హీరో ఒక చివర, శాస్త్రవేత్త ఇంకో చివర కూర్చుని మాట్లాడుకునే సీనులో మాకు వాళ్ల మధ్యనున్న బల్ల ఒక్కటే కనిపించింది. బల్ల బాగా చేసింది. నాన్న మాత్రం కనిపించలేదు.

సీడీలు వచ్చేసరికి నేను కాలేజీలో ఉన్నాను. సినిమా రెండు డిస్కులు. పళ్లెం సరిగ్గా మేఘాల్లోంచి తొంగి చూస్తుండగా మొదటిది అయిపోయింది. రెండోది వేస్తే పళ్లెం దిగిపోయి, జనం ఇళ్లకెళ్లిపోయి, ఎవరో పాట పాడుతున్నారు. గన్నవరం మొత్తం రెండు డిస్కుల సందులో పడిపోయింది.

డీవీడీ అట్ట మీద 'పెద్ద తెర అనుభవం' అని వేశారు. నా మొదటి జీతంతో కొన్నాను. పక్కలు కోసిన పాత బొమ్మనే తీసుకుని, వెడల్పుగా కనిపించాలని పైనా కిందా కూడా కోశారు. ఆకుపచ్చాయన కొమ్ములు పోయాయి. కొమ్ములు లేకపోతే ఆయన రంగు పులుముకున్న మామూలు మనిషి, మైలవరం బస్టాండులో కూర్చోబెట్టినా ఎవరూ తిరిగి చూడరు. "ఈసారి తలలు కూడా లేవు, వెతికే పని తప్పింది" అంది అమ్మ, బీరకాయ చెక్కు తీస్తూ.

తర్వాత యూట్యూబ్‌లో ఎవరో పెట్టారు. నా ఫోన్లో చూశాం. ఎడమ అంచు కాస్త ఎక్కువ కనబడింది గాని, సరిగ్గా దాని మీదే వీడియో పెట్టినవాళ్ల ఛానెల్ ముద్ర అతికించి ఉంది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ముద్ర కదల్లేదు.

ఆ సాయంత్రం ఆయన మెల్లిగా అన్నారు: "ఏమోరా, నేను నిలబడింది ఈ షాటులో కాదేమో. ఎప్పటి మాటో కదా."

అమ్మ అక్కడే ఉంది. పరదా మాట ఎత్తలేదు. అది మా ఇంట్లో చిన్న సంగతి కాదు.

కిందటేడాది ఒక ఓటీటీలోకి కొత్త ప్రింటు వచ్చింది. అసలు నెగటివు వెతికి, కంప్యూటర్లో కడిగి, పూర్తి వెడల్పుతో పెట్టామన్నారు. ఆదివారం భోజనాలయ్యాక అందరం హాల్లో చేరాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

పళ్లెం దిగింది. జనం పైకి చూశారు. ఎడమ అంచున ఎవరిదో సగం భుజం ఉంది, అంతే.

"పూర్తి వెడల్పన్నావు కదరా" అన్నారు నాన్న. ఆ గొంతు విన్నాక ఆ ఓటీటీవాళ్లని నేనింకా క్షమించలేదు, తప్పు వాళ్లది కాదని ఒక్క నిమిషంలో తెలిసినా సరే.

నా భార్యకి సినిమా మీద ఇష్టం తక్కువ, వస్తువుల మీద అనుమానం ఎక్కువ. "మామయ్యగారూ, పళ్లెం కూడా రెండు పక్కలా తెగిపోయింది. టీవీ జూమ్‌లో ఉందా?" అంది.

నాన్న రిమోటు వైపు చూశారు. "పైనా కిందా నల్ల పట్టీలు వస్తుంటే నొక్కానమ్మా. ఎప్పుడూ నొక్కుతాను. అంత పెట్టి కొన్న టీవీ, సగం నల్లగా ఉంటే ఎలా?"

ఎప్పుడూ అంటే, ఆ టీవీ కొన్న దగ్గర్నుంచీ. ప్రపంచమంతా ఒకవైపు మా నాన్నని కోస్తుంటే, మిగిలినది ఆయనే స్వయంగా కోసుకుంటున్నారన్నమాట.

నా భార్య బటన్ నొక్కింది. పైనా కిందా నల్ల పట్టీలొచ్చాయి. బొమ్మ చిన్నదై పక్కలకి విచ్చుకుంది. ఎడమ అంచున, సగం భుజం పక్కన, ఒక సన్నటి కుర్రాడు. అతని తర్వాత ఇంకెవరూ లేరు.

ఆపాను. అందరం టీవీ దగ్గరికి వెళ్లాం. కంప్యూటర్లో మరీ శుభ్రంగా కడిగేశారు. జనం మొహాలన్నీ మైనం పూసినట్టు నున్నగా ఉన్నాయి. ఆ కుర్రాడికి కళ్లున్నాయని తెలుస్తోంది గాని ఎవరి కళ్లో తెలియదు. ఇన్నేళ్లకి మనిషి దొరికితే మొహం లేదు. నాన్న ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎవరైనా కావచ్చులే" అన్నారు.

అమ్మ ఇంకా ముందుకి వంగింది. చుట్టూ అందరూ చేతులు పైకెత్తి అరుస్తున్నారు. ఆ కుర్రాడు మాత్రం కుడి అరచెయ్యి చొక్కా జేబు మీద గట్టిగా అదిమిపెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"ఈయనే" అంది అమ్మ.

"మొహం కనబడట్లేదు కదమ్మా" అన్నాను.

"మొహమెందుకు? ఆ జేబు పట్టుకోవడం చూడు. బస్సెక్కినా అంతే, మెట్లు దిగినా అంతే. పెన్ను పడిపోతుందని. ఆకాశం ఊడి మీద పడుతున్నా మీకు పెన్నేనా అండీ?"

"అది మా నాన్న కొనిచ్చిన పెన్ను" అన్నారు నాన్న. అప్పుడు కూడా చెయ్యి జేబు మీదే ఉంది.

తర్వాత అమ్మ కాఫీ పెట్టుకొచ్చింది. నాన్న తాగి, వేడిగా ఉందన్నారు. ఎవరూ అడగకుండానే.

సాయంత్రం పాత సీరియల్ ఒకటి వస్తోంది. రెండు పక్కలా నల్ల పట్టీలు. నాన్న అలవాటుగా రిమోటు అందుకున్నారు.

"ఉండనివ్వండి" అంది అమ్మ. "అంచున ఎవరైనా ఉంటారేమో."