రాయి ఆపరేషన్

బరువు తగ్గడానికి కర్నూలులో ఆపరేషన్‌తో పొట్ట చిన్నది చేయించుకున్నాను. ఆ ముచ్చట నాది కాదు, మా ఆయనది. పెళ్లిళ్లలో నా పక్కన నిలబడాలంటే ఆయనకు నామోషీ. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు ఇంటికి వచ్చే దారిలోనే చెప్పాడు, "కడుపులో రాయి తీసినారని సెప్దాము. మాయమ్మకు గూడా అసలు సంగతి తెలియగూడదు" అని.

బతికినన్నాళ్లూ విటమిన్ మాత్రలు మింగాలనీ, బి-ట్వెల్వ్ విటమిన్ సూది వేయించుకోవాలనీ డాక్టరు మా ఇద్దరికీ చెప్పి పంపాడు. కొన్ని నెలలకే మా ఆయన అడ్డం తగిలాడు. "రాయి తీస్తే ఇన్ని దినాలు మాత్రలెందుకని మాయమ్మ అడుగుతాంది. ఇంక సాలించు." మాత్రలూ సూదులూ మానేశాను.

నేను జాకెట్లు కుడతాను. మా వీధి ఆడవాళ్ల కొలతలన్నీ నోటికి వచ్చేవి. మరుసటి ఏడు అవి ఒక్కొక్కటే జారిపోయాయి. ఒకామె జాకెట్‌కు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను. అరికాళ్లు ఎప్పుడూ తిమ్మిరే. ఒకరోజు ఆదోనిలో లైనింగు గుడ్డ కొని, బస్టాండు ఎటో తెలియక అంగడి ముందే నిలబడి ఏడ్చాను.

గాలి సోకిందని అత్త నన్ను ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయింది. ఆమెను తప్పుపట్టను, ఆమెకు తెలిసింది రాయి మాటే. మానేసిన మాత్రల సంగతి నా తలకు తట్టలేదు, అది అప్పటికే పాడైంది. మరి ఆయన తలకేమొచ్చింది? టెంకాయ తానే కొని, ఈరన్న ముందు నా పక్కనే కూర్చుని కళ్లు మూసుకుని దండం పెట్టాడు. ఒక్క మాట చెప్పలేదు.

తిరుగు దారిలో, ఆదోనిలో బస్సు దిగుతూ కాళ్లు పట్టుతప్పి పడిపోయాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ నా పొట్ట మీది మచ్చలు చూసి, ఇదేం ఆపరేషనని అడిగింది.

"రాయి, మేడమ్" అన్నాడు మా ఆయన. డాక్టరుకు కూడా అదే కథ! నాలుక తడబడుతున్నా నేనే నిజం చెప్పాను. ఆ విటమిన్ లేకే ఇదంతా అని ఆమె వెంటనే సూదులు మొదలుపెట్టింది. ముందే తెచ్చి ఉండాల్సింది, జ్ఞాపకం ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేనంది.

అత్త కొడుకు వైపు తిరిగింది. "రాయి అంటివి కదరా?"

"నీ కోడలే ఎవురికీ సెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకునిందమ్మా" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. దాచమన్నది ఎవరో నాకు బాగా గుర్తుంది. నాకు గుర్తుండదన్న ధైర్యంతోనే ఆయన ఆ అబద్ధం ఆడాడు.

"కాదత్తా, నేను కాదు" అన్నాను.

అత్త జాలిగా నా తల నిమిరింది. "పోనీలేమ్మా, నీకు యాడ గుర్తుంటాది."