సగమే దిగిన క్లచ్

మిరపకాయల బేరంలో మా అన్నదమ్ములకు ఒక పద్ధతి ఉండేది. కల్లంలో రైతు ధర చెప్పగానే నేను మొహం చిట్లించి, కాయలో తేమ ఉందనో తాలు ఎక్కువనో రెండు వంకలు పెట్టి, తువ్వాలు దులుపుకుని వ్యానెక్కేవాణ్ణి. అన్నయ్య ఒక్క మాట మాట్లాడకుండా బండి స్టార్టు చేసి, గేరు వేసి, పది గజాలు పోనిచ్చేవాడు. అంతే, వెనక నుంచి కేక వినబడేది. నా నోటికి తగ్గని ధర ఆ పది గజాలకు తగ్గేది. గట్టి బేరగాడన్న పేరు మాత్రం నాకొచ్చింది.

ఆ రోజు బండి కదల్లేదు. అన్నయ్య మొదటి గేరు వేయబోతే గర్రుమంది. మళ్లీ వేశాడు, మళ్లీ గర్రు. పట్టా మీద కాయలు ఏరుతున్న రైతు భార్య పకపకా నవ్వింది.

"ఏందయ్యా శెట్టీ, నీకు పోవాలనున్నా నీ బండికి లేదే!"

చచ్చినట్టు దిగి, వాళ్లు చెప్పిన ధరకే కొన్నాను. బస్తాలెక్కించాక ఎలాగో గేరు పడింది, దారంతా బండిని తిట్టాను. "గేర్‌బాక్సు పోయినట్టుందిరా" అన్నాడు అన్నయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అంత పాత బండికి గేర్‌బాక్సు పోతే అమ్మేయడమే. అమ్మితే అన్నయ్య నాతోపాటు మా మిరపకాయల కొట్లో కూర్చోవాలి. అది ఆయన వల్ల కాదు. కొన్నవాడికి ఇంకో గుప్పెడు కొసరు వేసి పంపే మనిషి. బండి కొన్నప్పటి నుంచీ ఆ స్టీరింగే ఆయన కొట్టు.

మర్నాడు పొద్దున్నే వినుకొండలో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. దిగుతూనే నా విద్య చూపించాను. "ఇంకో ఆయన చూశాడు. కేబులు బిగిస్తే చాలన్నాడు." ఎవరూ చూడలేదు, ఎవరూ అనలేదు.

"మరి ఆయన చేతే బిగించుకోకపోయారా శెట్టిగారూ?" అన్నాడు మెకానిక్, చేతులు తుడుచుకుంటూ.

ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూశాడు. మెత్తగా పడ్డాయి. గేరు ఆయిలు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ఇనప రజను లేదు. ఇంజను స్టార్టు చేసి, హ్యాండు బ్రేకు లాగి, మూడో గేరులో క్లచ్ వదిలాడు. ఇంజను టక్కున ఆగిపోయింది. "ప్లేటు పట్టు బాగుంది" అన్నాడు. ఒక్కో రోగం కొట్టివేస్తుంటే నాకు ఒక్కో బేరం గెలిచినంత సంబరం.

మళ్లీ స్టార్టు చేసి, తనే క్లచ్ తొక్కి రివర్సు వేశాడు. చప్పుడు లేదు.

"నువ్వు కూర్చో అన్నా."

అన్నయ్య కూర్చుని వేశాడు. గర్రుమంది.

మెకానిక్ ఇంజను ఆపించి, గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు.

"తొక్కన్నా."

"తొక్కాను."

"పూర్తిగా తొక్కు."

"పూర్తిగానే తొక్కానయ్యా!"

మెకానిక్ బయటికొచ్చి అన్నయ్య పక్క తలుపు తెరిచాడు. నేనూ వంగి చూశాను. పెడలు సగమే దిగింది. అన్నయ్య ఎడమ చేత్తో మోకాలిని కిందికి నొక్కుతున్నాడు. పైకి జరిగిన లుంగీ కింద ఎడమ పిక్క కుడి పిక్కలో సగం కూడా లేదు.

బస్తా అడుగున తాలుకాయ ఉంటే పైనుంచే పసిగట్టే కళ్లు నావి. రోజూ ఆయన పక్కనే కూర్చుని, కిటికీలోంచి ఊళ్లో వాళ్ల కల్లాలు లెక్కపెట్టాను.

"గేర్‌బాక్సుకేం కాలేదండీ" అన్నాడు మెకానిక్ మెల్లగా.

"ఒకసారి విప్పి చూడు."

"బాగున్నదాన్ని ఎందుకండీ విప్పడం?"

"ఎంతైనా కానీ, విప్పు. క్లచ్ ప్లేటు కూడా మార్చెయ్. నువ్వు సరిగ్గా చూడలేదు."

లేని రోగం కోసం ఆ మనిషితో ఎంతసేపు బేరమాడానో. చివరికి అన్నయ్యే ఆపాడు.

"చాల్లే, పదరా. దసరా ముందు నుంచే కాలి నుంచి చెప్పు జారిపోతోంది. చెబితే నన్ను బండి దించేస్తావని చెప్పలేదు." తాళం నా చేతిలో పెట్టి, అవతలి వైపు నుంచి ఎక్కి కూర్చున్నాడు.

గుంటూరు డాక్టరు నరాల జబ్బన్నాడు. కాలితో ఆగదని, మందు లేదని చెప్పాడు. విజయవాడలో ఇంకో డాక్టరుకు, "గుంటూరాయన నీరసమే అన్నాడండీ" అని చెప్పి చూశాను. ఆయన కాగితాలు తిరగేసి, నా మొహం చూసి, వాటిని మళ్లీ నా చేతికిచ్చాడు. కోప్పడినా బాగుండేది.

ఆ ఏడాది బండి నేనే నడిపాను. అన్నయ్య పక్కన కూర్చుని చెవితోనే గేర్లు చెప్పేవాడు. "మూడెయ్యరా, ఇంజను ఏడుస్తోంది." "సగం తొక్కుతున్నావు, పూర్తిగా తొక్కు." పత్తి తీతలు మొదలయ్యేసరికి మాట ముద్దయింది. మిరప కోతలకు అదీ సన్నగిల్లింది.

ఒక సాయంత్రం ఊరి బయట ఎత్తు ఎక్కుతూ కావాలనే నాలుగో గేరులోనే ఉంచాను. ఇంజను గొణిగింది. బండంతా వణికింది. తిడతాడని చూశాను. అన్నయ్య నా వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

క్లచ్ పూర్తిగా తొక్కి, మూడో గేరు వేశాను.